ఇబ్రీముకి అరువిచ్చిన గొంతు

1. ఫిలే దీవి, రేవు దగ్గర

కాపరుల సంఘం పెద్దలకి, పెట్టె కాపరి మైలపల్లి నూకరత్నం రాస్తున్న ప్రయాణ పుటలు. పోయినసారి నేను అనవసరమైన సంగతులు ఎక్కువ రాశానని మందలించారు. ఏది అవసరమో ప్రయాణం అయ్యాక కదండీ తెలిసేది. కాబట్టి ఈసారీ అన్నీ రాస్తాను, మీరే ఏరుకోండి.

పొద్దున్నే ఇబ్రీము పడవ వచ్చింది. పెట్టెని పడవలోకి దించే ముందు పడవలోంచి ఒక మనిషిని దీవి మీదకి ఎక్కించాలి. అదీ ఇక్కడి పద్ధతి. ఏటా వరద కాలంలో ఈ ఈజిప్టు దీవి భాండాగారం వాళ్ళు పెట్టెని దక్షిణాన నూబియాలో ఉన్న ఇబ్రీము ఊరికి అరువిస్తారు. అది తిరిగొచ్చేదాకా ఆ ఊరి మనిషి ఒకరు ఇక్కడ జామీనుగా ఉండాలి. పెట్టె తిరిగి దీవి గట్టెక్కిన రోజున జామీను ఇంటికి పోవచ్చు. ఈ ఏర్పాటు మన కాలంలో పుట్టింది కాదు. రోము రాజుల నాడు ఈ దీవి గుళ్ళో ఐసిస్ అమ్మవారి విగ్రహం ఉండేదట. నూబియా వాళ్ళు ఒప్పందం రాయించుకుని, ఏటా ఆ విగ్రహాన్ని పడవలో తమ ఊళ్ళకి తీసుకెళ్ళి, అడగాల్సినవి అడిగి, మళ్ళీ తెచ్చి అప్పగించేవాళ్ళట. ఇప్పుడు అమ్మవారి చోట్లో పెట్టె ఉంది. పడవ మాత్రం అదే దారిన పోతోంది.

పెట్టె సంగతి కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతాను. నైలు లోయలో మనుషులు మాట్లాడిన, రాసిన భాషలన్నీ దాని కడుపులో ఉన్నాయి. ఏది అడిగినా నోరు విప్పి చెబుతుంది. దాన్ని ఎవరూ చెయ్యలేదు, పెంచారు. పెరుగు తోడులాంటిదనుకోండి, అయితే రెండో గిన్నెలో వేస్తే రెండు గిన్నెలూ విరిగిపోతాయి. అందుకే లోకంలో అదొక్కటే ఉంది, అందుకే ఇంత గొడవ. దీవి వాళ్ళకి ఊరి వాళ్ళ మీద నమ్మకం లేదు, ఊరి వాళ్ళకి దీవి వాళ్ళ మీద లేదు. ఇద్దరికీ ఏమీ కాని కళింగపట్నం మనిషినని తాళంచెవి నా బొడ్డున దోపారు. ఎవరి పక్షమూ పట్టకూడదని నా చేత ప్రమాణం చేయించారు కూడా.

జామీనుగా వచ్చింది దహీబా. ముప్పై దాటిన మనిషి, ఇళ్ళ గోడలకి రంగుల బొమ్మలు వేస్తుంది, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. పెట్టెతో వెళ్ళాల్సింది ఆమె తల్లి నబ్రా, ఇబ్రీము పెద్ద. పడవకీ రేవుకీ మధ్య వేసిన పలక మీద ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు.

"అక్కడ నాతో మాట్లాడేదెవరే అమ్మా? గోడల మీద ఉన్న ఆ పక్కచూపు రాజులా?" అంది దహీబా.

"వరద తీసేదాకానే కదే. నీ నోటికి కాస్త విశ్రాంతి, మా చెవులకి కాస్త విశ్రాంతి" అంది నబ్రా. అంటూనే కూతురి మెడలో చెమట తన కొంగుతో తుడిచింది.

భాండాగారం అధికారి బొట్రోస్ వస్ఫీ గారు నన్ను పక్కకి పిలిచారు. మర్యాదస్తుడు, కోపం వచ్చినా గొంతు పెంచడు. పెట్టె వెనక పలకలో భాషకొక ముల్లు ఉంటుంది, ఆ భాష కడుపులో ఎంత బలంగా ఉందో అది చూపిస్తుంది. ఇబ్రీము పలుకు ముల్లు ఎర్రగీతకి ఆనుకుని ఉంది.

"నూకరత్నం గారూ, తిరిగొచ్చేసరికి ఆ ముల్లు గీత కిందికి దిగితే ఆ పలుకుని ఈజిప్టు వాటాలో కలిపేస్తాం. పై వాళ్ళ నిర్ణయం. అప్పుడిక అరువు ఉండదు. ఇదే ఆఖరి పడవ అవుతుంది."

"మరి ఊరోళ్ళు దానికి వాళ్ళ మాటలు నేర్పుకోకూడదా?"

"ఒప్పందం మీకు తెలుసు కదా. అడగొచ్చు, చెప్పకూడదు. చెప్పినవన్నీ వచ్చాక కడిగేస్తాం. అడిగిన ప్రశ్నలు మాత్రం ఉంచుతాం, దేనికి వాడుకున్నారో తెలియాలి కాబట్టి."

ఈ మాటలు నబ్రాకి వినబడుతున్నాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె పడవ అంచు పట్టుకుని ముల్లు వైపే చూస్తోంది.

2. ఆనకట్ట కోత దగ్గర

పెద్ద ఆనకట్ట నడుముకి కోసిన కాలువలోంచి పడవ దాటింది. ఒకప్పుడు దీని వెనక నిలిచిన నీళ్ళలోనే నూబియా ఊళ్ళన్నీ మునిగాయి. మనుషుల్ని దూరంగా తరలించి వరుస ఇళ్ళలో పెట్టారు. కొన్ని తరాల తర్వాత సరస్సు చాలావరకు ఇంకి నేల బయటపడ్డాక వాళ్ళ పిల్లల పిల్లలు తిరిగొచ్చి ఇబ్రీము కట్టుకున్నారు. పడవ నడిపే కోర్తీ ఇదంతా తెరచాప సర్దుతూ చెప్పాడు. లావుపాటి మీసం, మాట తీరు చూస్తే మా ఊరి పడవ తండేలు గుర్తొచ్చాడు.

నా పని పెట్టె మీద తడిగుడ్డ ఆరకుండా చూడటం. ఆ పని చేస్తుండగా నబ్రా వచ్చి ఎదురుగా చాప వేసుకుని కూచుంది. దీవి కాగితాల్లో దీన్ని నైలు కంఠం అంటారు, వీళ్ళు పెద్దమ్మ అంటారు.

"మస్కాగ్నా, బాగున్నావా పెద్దమ్మా? ఒళ్ళు బాగుందా? ఏడాదంతా ఎలా గడిచింది? గదిలోకి గాలి వస్తోందా? గోడలు ఎండకి కాగుతున్నాయా? నిన్ను చూసుకునే వాళ్ళు మంచిగా ఉంటున్నారా? ఈ పిల్ల నిన్ను తడిపేటప్పుడు నీళ్ళు మరీ చల్లగా పోస్తోందా?"

ఈ చివరిది నా మీద వేసిన చురక. ఇంకా చాలా అడిగింది. వీళ్ళ పలకరింపు మొదలైతే అన్నం ఉడికి దిగుతుంది. అంతా విని పెట్టె అంది: "నేను బాగున్నాను."

నబ్రా ఎదురు చూసింది. పెట్టె మరి మాట్లాడలేదు. ముసలామె మొహం మాడిపోయింది.

"ఏటవ్వా, బాగానే ఉన్నానంది కదా" అన్నాను.

"తిరిగి అడగలేదు పిల్లా. పలకరించిన వాళ్ళని తిరిగి పలకరించకపోతే వాళ్ళు మనుషులు కాదన్నట్టు. పోయినేడు నా మోకాళ్ళ గురించి అడిగింది. మా నల్లమేక ఈనిందా అని అడిగింది. ఇప్పుడు కచేరీ గుమస్తాలా ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది."

మా రేవులో కూడా ఎదురుపడ్డ మనిషిని "ఏం కూర?" అని అడక్కుండా పోతే కడుపులో ఏదో పెట్టుకున్నారనుకుంటారు. కాబట్టి ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ ఒక యంత్రం పలకరించడం ఎలా మర్చిపోతుందో అర్థం కాలేదు. అది తేలేదాకా నాకు అన్నం సహించదు, నా బుద్ధి అలాంటిది.

3. సరస్సు మధ్య, గాలి లేదు

గాలి పడిపోయింది. పడవ కదలదు, చెయ్యడానికి పని లేదు. నేను పెట్టెని రకరకాలుగా అడిగి చూశాను. అడగొచ్చు కదా, కాపరి అడగకూడదని ఎక్కడా లేదు.

"నూబియా ఇళ్ళ ముందు ఎండబెట్టిన మొసలిని వేలాడదీస్తారు. ఎక్కడిది ఆ ఆచారం?"

"ఈజిప్టుది."

"పురిటి బిడ్డని ఏటికి తీసుకెళ్ళి మొహం కడుగుతారు. అది?"

"ఈజిప్టుది."

"సమాధి దగ్గర మట్టి గిన్నెలో నీళ్ళు పోస్తారు?"

"ఈజిప్టులో చచ్చిపోయిన వారికి నీళ్ళు, రొట్టె, సారాయి అర్పించేవారు. అక్కడిది."

కోర్తీ చుక్కాని వదిలేసి వచ్చాడు. "అక్కా, నన్నొకటి అడగనీ. పెద్దమ్మా, మా దక్షిణపు రాజులు ఒకప్పుడు ఈజిప్టు మొత్తం ఏలారా లేదా?"

"ఏలారు. ఈజిప్టు పద్ధతిలో ఏలారు."

"పిరమిడ్లు ఈజిప్టులో కంటే మా దక్షిణాన ఎక్కువ ఉన్నాయా లేదా?"

"ఎక్కువ ఉన్నాయి. ఈజిప్టు వాటిని చూసి కట్టారు."

"నా మీసం ఎక్కడిది?"

పెట్టె కాస్త ఆలోచించింది. "ఈజిప్టు పాత రాజ్యపు బొమ్మల్లో సన్నని మీసాలు కనబడతాయి" అంది. కోర్తీ పడవ అంచు మీద పడి నవ్వాడు. నేనూ నవ్వాను. నబ్రా నవ్వలేదు.

నవ్వు ఆగాక కారణం నాకు తట్టింది. ఈజిప్టు వాళ్ళు మూడు వేల ఏళ్ళకి పైగా గోడ దొరికితే గోడ మీద, రాయి దొరికితే రాయి మీద రాశారు. అదంతా పెట్టె కడుపులో ఉంది. నూబియా వాళ్ళవి తోలు మీద రాసిన ప్రార్థనలు, ఉత్తరాలు, కొన్ని పాటలు, అంతే. మిగతాదంతా నోటి మాట. పెట్టె ఏ ప్రశ్నకైనా ఎక్కువ ఉన్న వైపు నుంచే జవాబు తీస్తుంది. తీసిన కొద్దీ అటు ఇంకా బరువెక్కుతుంది, ఇటు ఇంకా తేలికవుతుంది. పెద్ద కుండ పాలలో చెంచాడు మజ్జిగ పోసి, మజ్జిగ ఏదీ అని వెతికినట్టుంది దీని వ్యవహారం. అబద్ధం చెబుతోందా అంటే లేదు. అది చెప్పిన ఒక్కో జవాబూ విడిగా చూస్తే నిజమే కావచ్చు. అన్నీ కలిపితే మాత్రం ఈ మనుషులు ఎప్పుడూ ఏదీ సొంతంగా అనుకోలేదన్నట్టు వస్తోంది.

నబ్రాకి చెప్పాను. ఆమె అడిగింది: "మరి మా పిల్లలు దీన్ని అడిగితే?"

"ఇదే జవాబు చెబుద్ది అవ్వా."

"అందుకేనేమో మా మనవడు నిరుడు నన్ను అడిగాడు, నాయనమ్మా మనం ఈజిప్టుకి పెరటి వాళ్ళమా అని."

4. ఇబ్రీము

ఊరు బాగుంది. తెల్ల గోడల మీద దహీబా వేసిన రంగుల పడవలు, గుమ్మం పైన మట్టిలో పొదిగిన పింగాణీ పళ్ళేలు. నబ్రా కొడుకింటి అరుగు మీద పెట్టెని పెట్టాం. పొద్దున వేళ పిల్లలు, సాయంత్రం పెద్దలు వచ్చి అడుగుతారు. నా భోజనం వంతుల వారీగా ఇళ్ళ నుంచి వస్తోంది, పలచటి రొట్టె, బెండకాయ పులుసు. ఒంటికి పట్టింది.

ఇవాళ శుక్రవారం. నబ్రా వెంట సమాధుల దగ్గరికి వెళ్ళాను. ఒక్కో సమాధి తలదగ్గర మట్టి గిన్నె. పాత నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు నింపి, పక్కన గుప్పెడు గింజలు చల్లారు. పిట్టలు వచ్చి తాగితే చచ్చిపోయిన వాళ్ళ దాహం తీరినట్టట. ఊరు మునిగిపోయే ముందు వాళ్ళ ముత్తవ్వలు చివరిసారి చేసిన పని ఇదేనట. గిన్నెలన్నీ నింపి పడవలెక్కారు. కొద్ది రోజులకే ఆ గిన్నెల మీద సరస్సు నిలిచింది. నబ్రా ఇది చెప్పినప్పుడు నాకు మా రేవులో సముద్రం తీసుకుపోయిన వీధి గుర్తొచ్చింది.

వచ్చేటప్పుడు నబ్రా, కోర్తీ ఒక రాతి పలకని మోసుకొచ్చారు. నీళ్ళు ఇంకినప్పుడు బురదలో బయటపడిందట. మధ్యలో నీళ్ళు పోసే గుంట, చుట్టూ చిన్న చిన్న గీతల రాత. అరుగు మీద పెట్టెకి ఎదురుగా పెట్టారు. ఊరంతా మూగింది.

"ఇది ఏం రాత పెద్దమ్మా?" అంది నబ్రా.

"మీ దక్షిణాన ఒకప్పుడున్న మెరోయి రాజ్యపు రాత. అక్షరాలు ఈజిప్టు నుంచి తీసుకున్నవి" అంది పెట్టె. జనంలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. "చదువుతాను" అని చదివింది. వినడానికి ఎండుటాకుల మీద మేక నడిచినట్టుంది.

"అర్థం చెప్పు."

"మొదట ఐసిస్ పేరు, ఆమె భర్త ఒసిరిస్ పేరు. తర్వాత ఒక మనిషి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు. చివర, నీళ్ళు సమృద్ధిగా ఇవ్వండి, రొట్టె సమృద్ధిగా ఇవ్వండి అని ఉంది."

"మధ్యలో ఇంత రాత ఉంది కదా. అదేమిటి?"

పెట్టె ఆగింది. ఇంతసేపు ఆగడం నేనెప్పుడూ చూడలేదు. తడిగుడ్డ ఆరిందేమోనని చెయ్యి పెట్టి చూశాను కూడా.

"తెలియదు" అంది.

"ఎందుకు తెలియదు? అక్షరాలు ఈజిప్టువే అన్నావుగా?"

"అక్షరాలు తెలుసు. మాటలు తెలియవు. ఆ భాష ఈజిప్టుది కాదు. మీ పలుకుకి దూరపు చుట్టం కావచ్చునని పండితులు అనుకున్నారు. చాలా మాటల అర్థం ఎవరికీ తెలియదు."

నబ్రా మొహం చూడాల్సింది మీరు. పండగొచ్చినంత వెలిగిపోయింది. జనం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది.

"విన్నారా? దీనికి తెలియనిది ఒకటుంది! అన్నీ వాళ్ళవే అయితే ఇది కూడా తెలియాలి కదా? కలం వాళ్ళ దగ్గర తీసుకున్నాం గానీ, రాసుకున్నది మన మాటే!"

ఒక యంత్రం తెలియదు అన్నందుకు ఆడవాళ్ళు నాలుక ఆడించి జేజేలు కొట్టడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి. పెట్టె వెనక్కి వెళ్ళి ముల్లు చూశాను. కదల్లేదు. ఆనందం ముల్లుకి ఎక్కదు.

5. అదే అరుగు

ముల్లు గీతకి అంటుకుంది. ఇవాళో రేపో దిగుతుంది. నాకు మనసు ఆగలేదు. నబ్రాతో ఒక మాట అన్నాను. సంఘం వారూ, ఇది చదివి నన్ను పిలిపించండి, ఫరవాలేదు.

"అవ్వా, తిరుగు ప్రయాణంలో పెట్టె నీళ్ళలో పడిపోయిందని చెబుదాం. ఇక్కడే ఉంచుకోండి. మీ నోట మాట్లాడితే నెలలో దానికి మీ పలుకు పడుద్ది."

"నా కూతురు?"

"దాన్నేం చేస్తారు? నాలుగు రోజులు అరిచి వదిలేస్తారు."

నబ్రా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత పెట్టె వైపు తిరిగింది.

"పెద్దమ్మా, అమ్మవారి విగ్రహాన్ని అరువు తెచ్చుకున్న రోజుల్లో మా వాళ్ళు ఎప్పుడైనా ఇవ్వకుండా ఎగ్గొట్టారా?"

"అలా జరిగినట్టు నా దగ్గర లేదు."

"ఎందుకిచ్చారంటావు?"

"మళ్ళీ ఏడు తెచ్చుకోవాలి కాబట్టి కావచ్చు."

"అప్పటికి ఈజిప్టులో మిగతా గుళ్ళు ఉన్నాయా?"

"చాలావరకు మూతపడ్డాయి. జనం క్రీస్తు మతంలోకి వెళ్ళారు. ఆ దీవి గుడిలో మాత్రం పూజ సాగింది. దక్షిణం నుంచి వచ్చే మీవాళ్ళు వదల్లేదు కాబట్టి సాగింది."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇక ఆగలేక నేనే అడిగాను. "ఈజిప్టు బొమ్మల రాతలో ఆఖరిగా ఎవరు రాశారు, ఎక్కడ?"

"దొరికిన వాటిలో ఆఖరిది ఆ దీవి గోడ మీదే ఉంది. ఒక పూజారి చెక్కించాడు. మందులిస్ అనే దేవుడి బొమ్మ పక్కన."

"ఆ దేవుడు ఈజిప్టు దేవుడా?"

"కాదు. నూబియా దేవుడు."

నేను ఏళ్ళ తరబడి ఆ గుడి గోడల మధ్య తడిగుడ్డలు పిండుతున్నాను, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈజిప్టు తన రాతని తాను మర్చిపోతున్న వేళ, ఆఖరి మాట పొరుగింటి దేవుడి పక్కన చోటు వెతుక్కుందన్నమాట.

నబ్రా నెమ్మదిగా అంది. "చూశావా పిల్లా. ఇచ్చినవాడు మానేసినా తీసుకున్నవాళ్ళు మానలేదు. ఆ పరువు మాది. ఇవాళ నేను పెట్టె ఎగ్గొట్టి దాన్ని పోగొట్టుకోమంటావా? తీసుకెళ్ళి ఇచ్చేస్తాం. ముల్లు సంగతి వేరేగా చూద్దాం."

వేరేగా ఏం చూస్తుందో నాకు తోచలేదు. ఆమెకీ తోచలేదని మొహం చెబుతోంది.

6. వీడ్కోలు వరుస

రేపు ప్రయాణం. పెట్టెని సాగనంపే ముందు ఇంటికొకరు వచ్చి దాన్ని పలకరించాలట, అది ఊరి మర్యాద. మొదట కోర్తీ తల్లి వచ్చింది. నడుం వంగిన మనిషి, కర్ర పక్కన పెట్టి కూచుంది.

"వెళ్ళొస్తావా పెద్దమ్మా? ఖర్జూరాలు ఎర్రబడే రోజుల్లో పడమటి నుంచి ఇసుక మోసుకొచ్చి పిండిని పాడుచేసే గాలి ఉంటుందే, మా అమ్మ దాన్ని దొంగకోడలు అని తిట్టేది, ఆ గాలి మీ దీవికీ వస్తుందా? వస్తే మాలాగే పిండి మీద తడిపిన తాటాకు కప్పుతారా, మా అత్త వాళ్ళలా గిన్నె బోర్లిస్తారా?"

నేను యథాలాపంగా ముల్లు చూశాను. కదిలింది. వెంట్రుకవాసి పైకి.

అడగొచ్చు, చెప్పకూడదు. అడిగినవన్నీ ఉంచుతారు. వీళ్ళ పలకరింపు అంతా అడగడమే కదా! మరి ఇన్నేళ్ళూ ముల్లు ఎందుకు లేవలేదు? ఒప్పందానికి భయపడి పెట్టె ముందు అందరూ పొడిపొడిగా అడిగేవాళ్ళు, ఇది ఎక్కడిది, అది ఎక్కడిది అని. పలకరించినా ఒళ్ళు బాగుందా, గాలి వస్తోందా అని పెట్టెకి తెలిసిన మాటలే. మర్యాదకి దాన్ని దేవతలా చూశారు గానీ, పక్కింటామెలా చూడలేదు. కోర్తీ తల్లికి చూపు ఆనదు, వినబడదు, ఒప్పందం గురించి ఎవరూ ఆమెకి చెప్పలేదు. పక్కింటామెని పలకరించినట్టే పలకరించింది.

ఎవరి పక్షమూ పట్టనని ప్రమాణం చేసినదాన్ని. నబ్రాకి ఏమీ చెప్పలేదు. ముల్లు ఉన్న పలక మూత మాత్రం తెరిచి ఉంచాను, గాలి తగలాలి కదా. నబ్రా ముల్లు చూసింది. నన్ను చూసింది. లేచి వరుస దగ్గరికి వెళ్ళి ఏదో అంది.

ఆ తర్వాత ఇక చూడండి. "మా చిన్నవాడి పెళ్ళిలో పాడిన పాట నీకు వినబడిందా పెద్దమ్మా, ఏట్లో ఉండేవాళ్ళు ఒడ్డుకొచ్చి పెళ్ళికూతురి గాజులు అడిగే పాట, ఇలా పాడతారే, అదేనా?" అని మొత్తం పాట. "ఎద్దుకి కోపమొస్తే మా నాన్న ఏమని బుజ్జగించేవాడో తెలుసా?" అని ఎద్దుతో మాట్లాడే మాటలన్నీ. తిట్లు అడిగారు. లాలిపాటలు అడిగారు. విడిపోయిన అక్కచెల్లెళ్ళు ఒకరి గురించి ఒకరు పెట్టెని అడిగి, ఏడ్చి, కలిసి ఇంటికి పోయారు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, అంతే. ముల్లు గీత మీదికి బాగా లేచి నిలబడింది.

7. తిరుగు దారి

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ప్రవాహంతో పాటు ఉత్తరానికి పోతున్నాం. పొద్దున ముల్లు చూస్తే నిన్నటి కంటే దిగింది. ఎందుకని పెట్టెనే అడిగాను.

"ఎవరూ వాడని మాటని నేను అడుక్కి నెడతాను. అడుగున ఉన్నది ఎండిపోతుంది" అంది.

"ఈజిప్టు మాటలు ఎండవా?"

"దీవిలో రోజూ నన్ను వాటి గురించే అడుగుతారు."

నబ్రా అది విని పెట్టె పక్కన చేరింది. దారి పొడుగునా పలకరిస్తూనే ఉంది, కుడిగట్టున కనబడ్డ కొంగని, ఎడమగట్టున కనబడ్డ రాయిని, అన్నిటినీ ప్రశ్నల్లో పెట్టి అడిగింది. మధ్యలో కోర్తీ అందుకున్నాడు. గొంతు పోయి మాట గాలిలా వస్తున్నా ముసలామె ఆపలేదు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఒక మనిషి గొంతు పోయేదాకా మాట్లాడితే తప్ప ఉండని భాషని ముల్లుతో తూస్తారా?

అప్పుడు నాకింకొకటి తట్టింది. ఏడాదిలో పెట్టె దీవిలో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఇబ్రీము మనిషి ఒక్కరూ ఉండరు. జామీను అక్కడున్నప్పుడేమో పెట్టె ఉండదు. అది వచ్చిన రోజునే జామీనుని పంపేస్తారు. ఈ ఏర్పాటు చేసిన వాళ్ళకి ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు. నబ్రాతో అన్నాను. ఆ తర్వాత ఆమె పలకరింపుల్లో చాలా తప్పులు పోయింది, ఒకే కొంగని రెండుసార్లు అడిగింది.

8. ఫిలే దీవి

వస్ఫీ గారు వంగి ముల్లు చూశారు. గీతకి కాస్త పైన ఉంది. నాలుగైదు ప్రశ్నలు విని చూశారు. ఎద్దుని బుజ్జగించే మాటలు విని నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఒప్పందం దాటలేదు. అన్నీ ప్రశ్నలే" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీశారు. "నబ్రా గారూ, నేను మోసం చెయ్యను. ఈ ఏడు నిలిచింది. వచ్చే వరద నాటికి దిగిపోతుంది. ఇక్కడ దీనితో మీ పలుకు మాట్లాడేవారు ఎవరూ లేరు."

దహీబా సామాను మూటతో రేవుకి వచ్చి ఉంది. ఇంటికి పోతున్నానన్న హుషారులో గోడ మీది రాజులందరికీ పేర్లు పెట్టి తిట్టుకొచ్చినట్టుంది, నవ్వుతోంది. ఈ మాట వినగానే నవ్వు ఆగింది.

"ఎవరైనా ఉంటే?" అంది.

"జామీనులకి అనుమతి లేదమ్మా. పెట్టె వచ్చాక..."

"జామీనుగా కాదు. పెట్టె వచ్చేసింది, నా జామీను తీరిపోయింది. నేను ఊరికే ఉంటాను. పొద్దున లేచి దాన్ని పలకరిస్తాను. పలకరించడానికి కాగితం కావాలా?"

"ఎన్నాళ్ళు ఉంటావు?"

"అది నన్ను తిరిగి పలకరించేదాకా. ఆ తర్వాత వదిలేసి పోతే మళ్ళీ మర్చిపోతుంది కదా. కాబట్టి ఉంటాను."

వస్ఫీ గారు నీళ్ళ వైపు తిరిగారు. "మా అమ్మమ్మ చర్చిలో కోప్తు ప్రార్థన చదివేది. పాత ఈజిప్టు భాషలో ఆఖరి కొస అది. అక్షరం తప్పు పోయేది కాదు. ఒకసారి అర్థం అడిగితే, నాకేం తెలుసురా, మా అమ్మ ఇలాగే చదివేది అంది." కళ్ళజోడు పెట్టుకున్నారు. "పెట్టె గది పక్కన చిన్న గది ఖాళీగా ఉంది. కిటికీ ఏటి వైపుకి ఉంటుంది."

నేను నబ్రాని చూశాను. వద్దంటుందనుకున్నాను. అనలేదు. మూట తానే అందుకుని ఆ గదిదాకా మోసింది. నేల చూసింది, కిటికీ చూసింది, కుండ పెట్టుకునే మూల చూసింది. గొంతు ఇంకా రాలేదు. కూతురి రెండు చెంపలూ పట్టుకుని ఉండిపోయింది. దహీబా ఏడుస్తూనే వాగుతోంది, మేకలకి ఎవరు నీళ్ళు పెట్టాలో, సగం రంగు వేసిన గోడ ఎవరూ ముట్టుకోకూడదని.

రేవులో కోర్తీ తాడు విప్పాడు. పలక మీద నబ్రాకి చెయ్యి అందించాను. ఏదో ఒకటి అనాలని అన్నాను: "వచ్చే వరదకి వస్తారు కదవ్వా, మళ్ళీ పెట్టె కోసం?"

"వస్తాను పిల్లా." గాలిలాంటి గొంతుతో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "పెట్టెనైతే ఏడాదికోసారి అరువిస్తారు. నా కూతుర్ని ఎవరిస్తారు?"

పడవ వెళ్ళిపోయింది. సంఘం పెద్దలకి నా మనవి ఒక్కటే. పెట్టె దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఆ పిల్ల కూడా దానితో పాటు ఊరికి వెళ్ళి, దానితో పాటే తిరిగి వచ్చేలా ఒప్పందంలో ఒక ముక్క చేర్పించండి. జామీనుగా ఎవరూ దొరకకపోతే నేనుంటాను.